ఆరు తల్లి ఎలుకలు

మంగళవారం ఉదయం పదిన్నరకు విజయనగరం శివార్లలోని ఒక ఫార్మసీ కాలేజీలో ఆరు తల్లి ఎలుకల రక్తపరీక్ష ఫలితాలు వచ్చాయి. పాలు ఊరించే హార్మోన్ ప్రొలాక్టిన్, తగ్గి ఉండవలసిన సమయంలో ఆరింటిలోనూ ఎక్కువగా ఉంది. పరీక్ష మళ్లీ చేశారు. అదే వచ్చింది.

పరిశోధన అనూరాధది. పిల్లలు పాలు కుడిస్తే తల్లి రక్తంలో ప్రొలాక్టిన్ పెరుగుతుంది. విడదీస్తే పడిపోతుంది. అందుకని ఉదయం పిల్లలను వేరే డబ్బాలో పెట్టి, మధ్యాహ్నం తల్లి రక్తం తీశాకే కలపాలి. విడదీసే పని, ఎలుకలను చూసుకునే ఈశ్వరిది. లెక్క తప్పిన ఎలుకలను మరో ప్రయోగానికి వాడరు. చంపేస్తారు.

ఈశ్వరిది గరివిడి. గత నెల ఆమెకు పుట్టిన బిడ్డ బతకలేదు. పురుటి స్నానమైన మర్నాడే పనిలోకి వచ్చింది. ఆ రోజు ఎలుకల గదిలో మల్లెపూల వాసన వచ్చింది.

"ఏటే ఈశ్వరీ, ఎలకలకి పెళ్లేటి?" అన్నాడు గది తుడిచే జోగయ్య.

వాసనకు ఎలుకలు బెదురుతాయి, పూలు తీసి రమ్మంది అనూరాధ.

"తల్లో లేవండి మేడమ్. రొమ్ముల మీద కట్టింది మాయమ్మ. పాలు ఎండిపోతాయంట."

జోగయ్య చీపురు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. అనూరాధ మళ్లీ పూల మాట ఎత్తలేదు.

మంగళవారం ఫలితాలు చూశాక అనూరాధ ఈశ్వరిని పిలిచింది.

"పిల్లల్ని మధ్యలో కలిపావా?"

"కలిపినాను."

"ఎప్పుడు?"

"మీరు కిందకెల్లగానే. మీరొచ్చే అలికిడైతే తీసేసేదాన్ని."

"ఎందుకు చేశావు?"

"పాలు తాగేవోల్లు లేకపోతే రొమ్ము రాయైపోతాది మేడమ్. రాత్రల్లా సలుపే. పక్క మీద తొంగోలేకపోనాను. ఆటికి నోరు లేదు. ఎవులికి సెప్పుకుంటాయి?"

ఈ ఎలుకలు ఇక పనికిరావని అనూరాధ చెప్పింది.

"తప్పు నాది. నన్ను పంపీండి. ఆటినేటి సేస్తారు?"

"నీ పని పోదు. వాటిని ఉంచడానికి రూలు ఒప్పుకోదు."

"మా ఇంటికి పట్టుకుపోతాను. నూకలేసి పెంచుకుంటాను."

"బయటికి పంపకూడదు ఈశ్వరీ."

 ఈశ్వరి ఒకటే అడిగింది. "ఇడదీయకండి."

అనూరాధ కాలేజీ పశువైద్యుడికి ఫోన్ చేసి కనుక్కుంది. కుదురుతుందన్నాడు.

సాయంత్రం నాలుగు గంటలకు పని మొదలైంది. ఒక్కో తల్లిని దాని పిల్లలతో కలిపి గ్యాసు పెట్టెలో ఉంచారు. రెండో తల్లి పెట్టెలో పక్కకు వాలి పడుకుంది. పిల్లలు రొమ్ము పట్టాయి. ఈశ్వరి మూత వేసింది.

అయిదున్నరకు ఆరో పెట్టె తెరిచారు. తల్లీ పిల్లలూ కలిసే పోయాయి.