నూరో గడి తర్వాత

నివేదిక మీద సంతకం ఒక్కటే మిగిలింది. మనుషుల ఆయుష్షు పెరగడం ఆగిపోయిందని అందులో ఉంది. అలాగైతే రాబోయే తరాల పింఛన్లకు పక్కన పెట్టాల్సింది బాగా తగ్గుతుంది. పింఛను నిధి మేనేజరు పొద్దుట్నుంచి రెండుసార్లు వచ్చి నవ్వి వెళ్లాడు.

ఆ లెక్క కట్టిన గణాంకాల ఆవిడకి మాత్రం అది మింగుడుపడలేదు. ఇరవై ఏళ్ల కిందట తనే ఒక నియమం పెట్టింది: వయసు నూరు దాటినట్టుంటే పుట్టిన తేదీ తప్పు పడినట్టే, లెక్కలోంచి తీసెయ్యాలి. వాళ్లకి పింఛను అందుతూనే ఉంటుంది, ఆమె పట్టికలో మాత్రం ఉండరు. పట్టికలో నూరో ఏడు ఆఖరి గడి. ప్రతి గడిలో ఆ వయసువాళ్లు ఆ ఏడాది పోయే అవకాశం ఎంతో ఉంటుంది; ఇందులో ‘ఒకటి’ అని ఉంటుంది, అంటే నూటికి నూరుపాళ్లు, ఎవరూ మిగలరని. ఆ ఒకటి ఆమెకి గోడలాంటిది. ఇన్నేళ్లూ దానికి ఆనుకునే నిశ్చింతగా పనిచేసింది.

తీసేసిన వాళ్ల జాబితా తెరిచింది. మొదటి ఏడాది పదకొండు మంది. తర్వాత పధ్నాలుగు. ఆ తర్వాత పదిహేడు. నిరుడు నాలుగు వందల పన్నెండు.

తప్పులు ఇంత బుద్ధిగా మెట్లెక్కవు.

ఆ సాయంత్రం జాబితాలో దగ్గరి చిరునామా వెతుక్కుంటూ వెళ్లింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, వయసు నూట నాలుగు. గోడ పట్టుకుని ఆ ముసలావిడే వచ్చి తలుపు తీసి, మెడలోని ఆఫీసు కార్డు చూసింది.

"ఏమ్మాయ్, ఉన్నానో పోయానో చూసి రమ్మన్నారా?"

"అబ్బే, తేదీ సరిచూద్దామని... నన్ను అమ్మాయ్ అంటారేంటండీ, యాభై నిండాయి."

"అయితే నా వయసులో సగం కూడా కాలేదుగా!"

లోపల్నుంచి ఇంకో గొంతు. "ఎవరే చెల్లీ?"

"పింఛనాఫీసు అమ్మాయి, అక్కా! మనం ఉన్నామా లేమా అని."

"ఉన్నామని చెప్పి టీ ఇవ్వు."

"మా అక్క. మూడేళ్లు పెద్దది" అంది ముసలావిడ. "ఇద్దరం ఒకే ఎక్స్ఛేంజి. తనకీ వస్తుందిగా పింఛను, మీకు తెలీదూ?"

గణాంకాల ఆవిడ గుమ్మంలోనే జాబితా విప్పింది. నూట ఏడు. ఉంది. తన చేత్తో కొట్టేసిన పేరే. లోపల ఆ గొంతు ‘చక్కెర తక్కువ వెయ్యి’ అంటోంది.

మర్నాడు మేనేజరు అడిగాడు. "సంతకం అయిందా?"

"లెక్క తప్పండీ. ఆయుష్షు పెరగడం ఆగలేదు. నూరు దాటినవాళ్లని నేనే తీసేస్తూ వచ్చాను."

"ఎప్పట్నుంచి?"

"ఇరవై ఏళ్లుగా."

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "ఇది బయటికొస్తే మీ ఉద్యోగం?"

ఆమె అప్పటికే నూరో గడిలోని ‘ఒకటి’ చెరిపేసింది. కింద కొత్త గడులు గీసింది. నూట ఒకటి, నూట రెండు... నూట ఏడు. ఆ ఒకటిని మళ్లీ ఎక్కడ రాయాలో తెలియక, ఇంకా కిందికి గీస్తూనే ఉంది.