కలికుండ, ఎర్రసబ్బు

నా షాపుకు మిక్సీ తెచ్చినవాళ్లెవరూ దాన్ని నా చేతికి ఇవ్వరు. గడప దగ్గర నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరుగుతారు. ఇదివరకు నోటు ఇవ్వాల్సి వస్తే వేళ్ల కొసలతో పట్టుకుని చాపేవాళ్లు. ఫోన్లో డబ్బులు కొట్టుడు వచ్చాక వాళ్లకు ఆ బాధ కూడా తప్పింది. నాకూ తప్పిందనుకోండి.

కాలిపోయిన మోటర్లకు రాగి తీగ తిరగచుట్టే వైండింగ్ పని నాది. ఏడో తరగతి సగంలో బడి మానేసిన నాడు పట్టుకున్నాను, నలభై తొమ్మిదేళ్లు వచ్చినా వదల్లేదు. బాన్సువాడ బస్టాండు వెనక సందులో మడిగె. తొమ్మిదేళ్లుగా నా అరచేతులు మణికట్ల దాకా ఎర్రగా చిట్లి పొట్టు రాలుతున్నాయి. చెంప మీద కూడా బిళ్లంత మచ్చ ఉంది. తీగకు పూసే వార్నిష్ పడలేదని ఒకరన్నారు, రక్తం చెడిందని ఇంకొకరన్నారు. అంటుకునేది కాదని మొదట్లోనే ఒక డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆయన నాకు చెప్పాడు గానీ ఊరికి చెప్పలేదు కదా. సెలూన్ రవీందర్ "కాశన్నా, కొత్త బ్లేడ్లు అయిపోయినయ్, రేపు రా" అని నాలుగు రేపులు తిప్పాక, గడ్డం నేనే గీసుకోవడం మొదలుపెట్టాను. నా భార్య దేవీబాయి డోంగ్లిలో తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకలకని పోయి ఆరేళ్లయింది. ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడట.

మందులు కొన్నాళ్లు వాడి మానేశాను. మానంది కడుక్కోవడం ఒక్కటే. షాపు ముందు నల్లా ఉంది. సందు మొదట్లో గిరాకీ కనిపిస్తే చాలు, లేచి వెళ్లి ఎర్రసబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాణ్ణి. మురికి ఉండి కాదు, వాళ్లు చూడాలని. రోజుకు ఇరవైసార్లయినా కడిగేవాణ్ణి. ఎంత కడిగితే అంత చిట్లేవి. ఎంత చిట్లితే అంత కడిగేవాణ్ణి.

ఉగాది పోయిన వారానికి పెద్ద కొడప్‌గల్ నుంచి మా అక్క భూమవ్వ ఫోన్ చేసింది. బిడ్డ వనితకు పెండ్లి కుదిరింది.

"కాశీ, చేతులు ఎట్లున్నయిరా?" అంది, తారీఖు చెప్పకముందే.

"ఉన్నయి."

"నలుగు నాడు పిలగానోళ్లు కూడా వస్తరు. మన చిన్నాయన కొడుకు బసవపున్నయ్యతోని పెట్టిద్దమని మీ బావ అంటుండు. నేనే ఇంకేం చెప్పలే."

మా ఇండ్లల్లో పెండ్లిపిల్లకు నలుగు పెట్టేటప్పుడు మొదటి చెయ్యి మేనమామది. మామ చెంపలకు పసుపు రాసిన తర్వాతే ముత్తైదువలైనా, ఎవరైనా. వనితకు సొంత మేనమామను నేనొక్కణ్ణే. అది పుట్టినప్పుడు దవాఖానలో తల్లి కంటే ముందు ఎత్తుకున్నది నేను. అప్పుడు నా చేతులు మంచిగానే ఉన్నాయి.

"ఎన్ని దినాలున్నది?" అన్నాను.

"రెండు నెలలు."

"నేనే పెడత," అని ఫోన్ పెట్టేశాను.

ఆ వారమే కృప వచ్చింది. నా షాపుకు నాలుగు మడిగెల అవతల బ్యూటీ పార్లర్ నడిపే పిల్ల. మొహానికి ఆవిరి పట్టే మిషను కాలిపోయిందట. మిషను తెచ్చి నేల మీద పెట్టలేదు, "పట్టుకోన్నా" అని చాపింది. ఆమె వేలు నా అరచేతికి తగిలింది. నేను చప్పున చేతులు లాక్కున్నాను. మిషను కింద పడబోతే ఆమే ఒడుపుగా పట్టుకుంది.

"ఏందన్నా, షాక్ కొట్టిందా? ఇంకా ప్లగ్గు పెట్టనే లేదు."

"చేతులు మంచిగలేవు బిడ్డా."

ఆమె మిషను బల్ల మీద పెట్టి, నా చెయ్యి తిప్పి చూసింది. "ఏం సబ్బు?"

నల్లా దగ్గరున్న ఎర్రసబ్బు చూపించాను.

"దినానికి ఎన్నిసార్లు?"

"ఎవలు లెక్కపెట్టిండ్రు."

"ఇగ ఇంకేముంది. అన్నిటిని చంపుతున్నవ్ పో."

"వేటిని?"

"చేతుల మీద పురుగులను."

"చావాలనే గదా కడుగుడు."

కృప నవ్వింది. "అన్ని పురుగులు చెడ్డయి కావన్నా. కంటికి కనవడనియి మన తోలు మీద కోట్లుంటయి. మంచియి జాగ పట్టుకొని కూసుంటె చెడ్డవాటికి సందుండది. నువ్వు పొద్దుందాక రుద్దుతుంటె మొత్తం బీడు పడ్డది. బీడుల ఏం మొలుస్తది? తుమ్మ చెట్లే."

"గిది నీకెవలు చెప్పిండ్రు?"

"హైదరాబాద్ల కోర్సు చేసిన. కొరియావోళ్లు చేసేదంతా గిదే ముచ్చట. ఆగు."

పోయి చిన్న గాజుసీసా తెచ్చింది. పెండ్లికూతుళ్లకు వాడేదట. బియ్యం పులియబెట్టి తీసిన నీళ్లని సీసా మీద రాసి ఉందని చదివి చెప్పింది. నా ముంజేతి మీద, చర్మం బాగున్న చోట ఒక చుక్క వేసింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పైన ఏదో పూల వాసన. దాని కింద మా అవ్వ ఇల్లు.

"కలి," అన్నాను.

"కలి ఏందన్నా?"

చెప్పాను. మా అవ్వ లింగవ్వ ఇంటి మూలన ఒక కుండ పెట్టేది. బియ్యం కడుగునీళ్లు, గంజి దాంట్లో పోసేది. పుల్లబడ్డాక తేట తీసి అంబలి కాచేది, మిగిలింది బర్రెకు పోసేది. నాట్ల కాలంలో చేతులు ఒరిస్తే ఆ తేటలోనే ముంచుకునేది. ఇంట్లో కలికుండ ఉందని బడిలో చెప్పుకోవడానికి నాకు సిగ్గయ్యేది. ఇప్పుడు అదే విమానమెక్కి వచ్చింది.

"ఎంత గిది?"

"నీ మూడు మిక్సీల వైండింగ్ అంత."

"బర్రె చానా ఖరీదైంది తాగిందన్న మాట."

"నవ్వకు. కొన్ని నీకు పడుతయో పడవో. నేను డాక్టర్ను కాదు. నిజామాబాద్ పోయి తోలు డాక్టర్‌కు చూపెట్టుకో. సబ్బయితే ఇయ్యాల్నే బంద్ చెయ్."

మిషను బాగు చేసి పంపాను. పోయేటప్పుడు కూడా నా చేతిలోంచే తీసుకుంది. ఆ రోజంతా ఒక్క పని సరిగ్గా కాలేదు. తీగ చుట్లు రెండుసార్లు తప్పాయి.

నిజామాబాద్ డాక్టరు కూడా మొదట సబ్బే మానమన్నాడు. రాత్రిపూట పూసుకోమని ఒక మలాం రాశాడు. పని చేసేటప్పుడు వార్నిష్ తగలకుండా తొడుగులు వేసుకోమన్నాడు. కలి సంగతి అడిగితే, "పగుళ్లుంటే మంట పుడతది, మానినంక నీ ఇష్టం," అన్నాడు. నేను ఆగలేదు. కుమ్మరి దగ్గర చిన్న కుండ కొని కడుగునీళ్లు పోశాను. మూడో రోజుకు పుల్లటి వాసన ఎత్తుకుంది. మొదటిసారి చేతులు ముంచితే కళ్ల వెంట నీళ్లు కారాయి. తర్వాత అలవాటైంది. మలాం పని చేసిందో, కుండ పని చేసిందో, సబ్బు మానడమే పని చేసిందో నాకు తెలియదు. నెలన్నరకు పొట్టు రాలడం ఆగింది. పిడికిలి బిగిస్తే రక్తం రావడం లేదు. చర్మం లేతగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంది.

కానీ గిరాకీ తగ్గింది. ఎందుకో అర్థం కాలేదు. ఒకనాడు చాయ్ హోటల్ దగ్గర, నేను వెనకున్నది చూసుకోకుండా ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"కాశీరాం గిప్పుడు చేతులు కూడా కడుగుతలేడు. ఇదివరకు నయం, వచ్చినప్పుడల్లా కడిగేది."

"పుల్లటి వాసన కూడా వస్తుంది. ముదిరినట్టున్నది."

తొమ్మిదేళ్లు కడిగితే ఎవరూ దగ్గరికి రాలేదు. కడగడం మానితే మాత్రం అందరూ గమనించారు. నేను చాయ్ తాగకుండా వచ్చేశాను.

నలుగు నాడు పొద్దున పది గంటలకు పెద్ద కొడప్‌గల్ చేరాను. తెల్ల అంగీ చేతులు కావాలనే పైకి మడిచాను. పందిట్లో పీట మీద వనిత కూర్చుని ఉంది. కంచు గిన్నెలో పసుపు కలిపి పెట్టారు. పిలగానోళ్లు కుర్చీల్లో ఉన్నారు. గిన్నె పక్కన బసవపున్నయ్య నిలబడ్డాడు. అతని అంగీ చేతులు కూడా మడిచే ఉన్నాయి.

అక్క నన్ను చూసి ఇంట్లోకి పోయింది. బకెట్టు, మగ్గు, కాగితం విప్పని కొత్త ఎర్రసబ్బు తెచ్చి పందిరి గుంజ దగ్గర పెట్టింది.

"కడుక్కోరా," అంది మెల్లగా.

"అక్కా, మానినయి. చూడు." రెండు చేతులూ ముందుకు చాపాను.

అక్క నా చేతులు చూడలేదు, నా భుజం మీదుగా కుర్చీల వైపు చూసింది. "మానినయిరా. నువ్వు కడుగుతలేవని బాన్సువాడల అనుకునేది వాళ్ల దాక వచ్చింది. వాళ్లు చూడాలె గదా."

"డాక్టరే సబ్బు ముట్టొద్దన్నడు. ఉత్త నీళ్లతోని కడుగుత."

"నురుగు రావాలె కాశీ. నీకు దండం పెడత. లేకుంటే బావ అతనితోని పెట్టిస్తడు."

బసవపున్నయ్య గిన్నె వైపు ఒక అడుగు వేశాడు.

నేను సబ్బు కాగితం విప్పాను. అలవాటైన పనే కదా. మోచేతుల దాకా నురుగు పట్టించి, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద రుద్ది, అందరికీ కనిపించేటట్టు చేతులు పైకెత్తి, మూడుసార్లు కడిగాను. ఒక ముసలామె "మంచిగ కడిగిండు" అంది. ఎవరో మెచ్చుకోలుగా తలూపారు. లేత చర్మం అప్పుడే చురచురమంటోంది.

పీట ముందు కూర్చుని పసుపు తీసి వనిత చెంపకు రాశాను.

వనిత కళ్లు మూసుకునే అంది, "ఏంది మామా, గట్ల ఏలు కొసతోని? మొఖమంతా పెట్టు."

అప్పుడు చూసుకున్నాను. అందరూ నాకు నోటు ఇచ్చినట్టే నేను పసుపు రాస్తున్నాను. చెయ్యి పూర్తిగా తెరిచి ఆమె చెంప మీద పెట్టాను. వెచ్చగా ఉంది. ఎంతసేపు ఉంచానో తెలియదు. "చాలు, ఇగ మిగతావోళ్లు కూడా పెట్టాలె," అని బావ అన్నాక తీశాను.

భోజనాల దగ్గర నాకిరుపక్కలా విస్తళ్లు ఖాళీగానే ఉన్నాయి. మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాను. పెండ్లికి ఉండమని అక్క రెండుసార్లు అంది, మూడోసారి అనలేదు.

మర్నాటికి చేతులు ఎర్రబడ్డాయి. రెండో రోజుకు పగుళ్లు తెరుచుకున్నాయి. కృప చూసి, "మల్ల సబ్బు పెట్టినవా అన్నా?" అంది.

"పెట్టిన."

"ఎందుకు?"

మూలనున్న కుండ వైపు చూశాను. దాంట్లో నీళ్లు మార్చాల్సి ఉంది, మార్చలేదు. చేతులు ముంచలేదు, నీళ్లతో కూడా కడగలేదు. పగుళ్లలో పసుపు పట్టి ఉంది. ముంచితే అది పోతుంది.

మూడో రోజు ఒకాయన కాలిపోయిన గ్రైండర్ తెచ్చి గడప దగ్గర పెట్టి వెనక్కి జరిగాడు. నా చేతుల వైపు చూశాడు.

"పచ్చగైనయేందే? ఇదేం కొత్త రోగం?"

"రోగం కాదు. మా మేనకోడలికి నలుగు పెట్టిన."

అతను ఇంకో అడుగు వెనక్కి వేసి, "రేపు వస్త," అని వెళ్లిపోయాడు. నేను లేచి వెళ్లి గ్రైండర్ లోపలికి తెచ్చుకున్నాను.