స్ప్రింగుల కంపెనీ షేర్లు

అమ్మన్నను తెలివితక్కువవాడని అనడానికి నోరు రాదు. ముప్పై ఆరేళ్లు బిలాస్‌పూర్ వ్యాగన్ షెడ్‌లో ఫిట్టరుగా చేసినవాడు. స్ప్రింగు మీద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, లోపల పగులుందో లేదో చెప్పేసేవాడు. ఆ తెలివే కొంప ముంచింది.

రిటైరైన నెలలో చేతికొచ్చిన ఇరవై రెండు లక్షలూ పట్టుకెళ్లి ఒకే కంపెనీ షేర్లలో పోశాడు. గూడ్సు పెట్టెలకు స్ప్రింగులు చేసే కంపెనీ అది. పదేళ్లలో దాని సరుకు ఒక్కటి కూడా విరగడం తను చూడలేదట. ఇంతకన్నా ఏం కావాలనుకున్నాడు మహానుభావుడు. ఇనుమును చూశాడు గాని, షేరు ఎంత ధరకి కొంటున్నాడో చూసుకోలేదు. షెడ్‌లో పాత మిత్రులు భేషన్నారు. ఇంట్లో ఎవరినీ అడగలేదు.

ఆ డబ్బు ఊరి శివారు తిఫ్రాలో ఇల్లు కొనడం కోసం. రెండు గదులు, ఇరవై లక్షలు. రైల్వే క్వార్టర్ ఎనిమిది నెలల్లో ఖాళీ చెయ్యాలి కదా, ఈలోగా షేరు పెరిగితే మూడో గది కూడా వేయించవచ్చని ఆశపడ్డాడు. ఏడో నెల దాటేసరికి డబ్బు సగమైంది. ఆ ఇల్లు అమ్ముతున్న సత్యనారాయణ డబ్బు కట్టడానికి సోమవారం దాకా గడువిచ్చాడు.

ఆదివారం పొద్దున్న అమ్మన్న కూతురి ముందు ఫోను పెట్టాడు. కూతురు భవిత గోల్ బజార్‌లో మ్యూచువల్ ఫండ్లు అమ్మే ఒక ఆఫీసులో పనిచేస్తుంది.

"స్ప్రింగుల్లో ఏటీ తేడా నేదమ్మా. నిన్న షెడ్‌కెల్లి అడిగినాను కూడా. మరెందుకు పడిపోనాది?"

భవిత ఫోనులో షేర్ల లెక్క చూసింది.

"స్ప్రింగు బాగుంటే చాలదు నాన్నా. షేరంటే కంపెనీలో వాటా. అందరూ ఎగబడినప్పుడు నువ్వు మెహంగా, మరీ ఎక్కువ ధరకి కొన్నావు. ఇప్పుడు ఆర్డర్లు తగ్గాయి, అందరూ అమ్మేస్తున్నారు."

"బాండ్లని కూడా అంటారు గదా, అవేటి?"

"అప్పు. సర్కారుకో కంపెనీకో మనం ఇస్తాం, వడ్డీ ఎంతో ముందే చెప్తారు. ఫండంటే నలుగురి డబ్బూ పోగేసి పది చోట్ల పెడతారు. ఒకటి పడినా అంతా మునగదు. కానీ ఎనిమిది నెలల్లో కావాల్సిన డబ్బు షేర్లలో పెట్టనే కూడదు. బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే సరిపోయేది."

ఐదు నిమిషాల్లో మొత్తం అర్థమైపోయింది అమ్మన్నకి. అర్థమయ్యేకొద్దీ ఏడుపు తన్నుకొచ్చింది.

"ఇదంతా నీకెప్పట్నించి తెల్సు?"

"రోజూ కొత్తవాళ్లకి చెప్పేది ఇదే," అని తల దించుకుంది భవిత. "నువ్వు నన్ను అడగలేదు నాన్నా."

"ఇప్పుడేటి సెయ్యాల?"

"ఆగితే పెరగొచ్చు, ఇంకా పడొచ్చు. ఎవరూ చెప్పలేరు. ఆగడానికి మనకి టైమ్ లేదు."

అమ్మితే పదకొండు లక్షలు. దాంతో ఆ ఇల్లు రాదు. అమ్మకపోయినా రాదు. అమ్మన్న వరండాలోకి వెళ్లి, సత్యనారాయణకి ఫోన్ చేసి, ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేసుకోమన్నాడు. ఆయన సరేనని పెట్టేశాడు. అంతే, అయిపోయింది.

లోపల మంగాయమ్మ గిన్నెలు పాతచీరలో మూటగడుతోంది. భర్త అడుగుల చప్పుడు విని, తలెత్తకుండానే అడిగింది.

"ఏటండి, ఆ ఇంట్లో వంటగట్టు ఎంతెత్తో కొలిసినారా? నా మోకాళ్లు వొంగవు."

భవిత తండ్రి వైపు చూసింది.

"రేపు కొలుస్తాను," అన్నాడు అమ్మన్న.