బాయిలరు దగ్గర ఒకడైనా ఉండాలి

మా ఆయన పేరు సన్యాసి. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదంటారు గానీ, కోపం వచ్చినప్పుడు మనసులో నేను పిలుస్తూనే ఉంటాను. ఆ శనివారం పిలిచినన్నిసార్లు మాత్రం ఎప్పుడూ పిలవలేదు. మా దీవిలో మోకా అనే ఊళ్లో మార్సెల్ దొరగారి కరెంటు బండి నడిపేది ఆయనే. దానికి గుర్రం అక్కర్లేదు, పొగ రాదు, చప్పుడు చెయ్యదు. సీటు కింద పెట్టెల నిండా బ్యాటరీలు. వాటిలో కరెంటు ఉన్నంతసేపే అది బండి, అయిపోతే ఉత్త బల్ల. దొర ఈమధ్య పెట్రోలు కారు తెప్పించుకున్నాక దీని మీద మోజు తీరిపోయింది. అందుకే అడగ్గానే రెండు రోజులకి ఇచ్చాడు.

అడిగింది మా అయ్య కోసం. మా అయ్య జగన్నాథం భజన గురువు. దీవికి ఉత్తరాన ఉన్న ట్రియోలే ఊళ్లో, గోవిందుడి పేర ఉపవాసాలుండే గోవింద నెల ఆఖరి శనివారం దీపం చుట్టూ భజన చేసే ఆనవాయితీ మొదలుపెట్టింది ఆయనే. చెరకు నరికి నరికి నడుం పడిపోయాక మోకాలో మా పంచన చేరాడు. అప్పట్నుంచీ మళ్లీ ట్రియోలే మొహం చూడలేదు. రైలు అక్కడిదాకా పోదు. దిగాక ఎడ్లబండి ఎక్కాలి, ఎక్కితే ఆ కుదుపులకి మనిషి దక్కడు. కరెంటు బండి అయితే రబ్బరు చక్రాల మీద మెత్తగా పోతుంది.

మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. దీపం పొద్దు గుంకేలోగా వెలగాలి. వెలిగించినవాడే ఆ రోజుకి గురువు. ఆలస్యంగా వచ్చినవాడు ఎంతటివాడైనా వెనక నిలబడి తాళం వెయ్యవలసిందే. ఈ ఏడు నుంచి దీపం వెలిగించే బాధ్యత అయ్య శిష్యుడు నారాయణకి అప్పజెబుతారని తెలిసింది. మా అయ్యకి అందులో కష్టం ఏమీ లేదు. ఒక్కసారి తన చేత్తో వెలిగించి, హారతి పళ్లెం నారాయణ చేతిలో పెట్టి రావాలని ఆయన కోరిక. నెలంతా అదే ధ్యాస. ట్రియోలే వైపు కిందికి వెళ్లే ప్రతి బండివాడితోనూ కబురు పంపాడు.

"నానొస్తన్నానని సెప్పండి. అందరూ రావాలని సెప్పండి," అనేవాడు. బండి వెళ్లిపోయాక నా వైపు తిరిగి, "నన్నెవులు గుర్తెట్టుకుంటారే పాపమ్మా," అనేవాడు. 

సరే, ఆ రోజు పొద్దున్న తలస్నానాలు చేసి, పసుపు బట్టలు కట్టుకుని, ఉపవాసంతోనే బయలుదేరాం. నేను పులిహోర గుండిగ తెచ్చి బండిలో పెట్టబోతే మా ఆయన అడ్డం పడ్డాడు.

"ఏటది? బరువు పెరిగితే కరెంటు తాగెయ్యదా బండి?"

"దేవుడి పులిహోర ఇడిసెట్టి రమ్మంటావేటి? నన్ను కూడా తూకం ఏసుకో, సరిపోద్ది."

"నిన్నెప్పుడో ఏసుకున్నాను లే," అన్నాడు నవ్వుతూ.

ఆయన లెక్కలు ఆయనవి. బండిలో గడియారంలాంటిది ఒకటి ఉంది, దాని ముల్లు చూసి కరెంటు ఎంత మిగిలిందో చెబుతాడు. కానీ ఆ ముల్లుని కూడా నమ్మడు. బ్యాటరీలు పాతబడ్డాయి కాబట్టి ముల్లు చూపించినదాంట్లో సగమే మనదంటాడు. మోకా నుంచి పోర్ట్ లూయీ పట్నం దాకా అంతా పల్లమే, బండి దానంతటదే జారుతుంది. ఆ తర్వాత నేల చదును, పైగా ఎదురుగాలి. పట్నంలో కరెంటు ఉన్నా సాయంత్రం దీపాలవేళకి గానీ యంత్రం తిప్పరు. కాబట్టి ట్రియోలేకి ఇవతల ఉన్న పంచదార మిల్లులో ఆగాలి. చెరకు ఆడించే క్రషింగు రోజులు, కరెంటు పుట్టించే డైనమో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చూసుకునే పియర్ అనే క్రియోల్ జాతి మేస్త్రీ మా ఆయనకి స్నేహితుడు. ఇదివరకు చాలాసార్లు తీగ తగిలించి బ్యాటరీ నింపి పంపాడు. మధ్యాహ్నానికి మిల్లు, సాయంత్రానికి ట్రియోలే. నేను కూడా తల ఊపాను.

దారంతా హాయిగా సాగింది. మా అయ్య సీట్లో వెనక్కి వాలి, అటూ ఇటూ చెరకు తోటల్ని చూస్తూ, ఇక్కడ ఫలానావాడు పనిచేశాడు, అక్కడ ఫలానావాడి పెళ్లయిందని చెబుతూనే ఉన్నాడు. ఆయన అంత ఉషారుగా ఉండడం చూసి ఎన్నాళ్లయిందో. మా ఆయన మాత్రం ముల్లు మీద నుంచి కళ్లు తియ్యలేదు. మిల్లు దగ్గరకొచ్చేసరికి అది అడుగుకి చేరింది.

"అనుకున్నట్టే వచ్చీసినాం," అన్నాడు గర్వంగా. అని, ఉన్నట్టుండి మొహం అదోలా పెట్టాడు. "సప్పుడేది?"

క్రషింగు రోజుల్లో మిల్లు కనిపించకముందే వినిపిస్తుంది. ఆ రోజు పిట్టల అరుపులు తప్ప ఏమీ వినిపించలేదు. గొట్టంలో పొగ లేదు. లోపల నీడలో పియర్ ఒక్కడే కూర్చుని చేపలు పట్టే బుట్ట అల్లుకుంటున్నాడు.

"కరెంటా? బాయిలరు చల్లారిపోయింది సన్యాసీ," అన్నాడు తన క్రియోల్ భాషలో. "నిప్పు వేసే నరసింహులు, చెరకు పిప్పి ఎగదోసేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, మీవాళ్లంతా పొద్దున్నే మేనేజరుని బతిమాలుకుని సెలవు తీసుకుపోయారు. ఆవిరి లేందే డైనమో ఎలా తిరుగుతుంది? ట్రియోలేకి ఎవరో ముసలాయన వస్తున్నాడట. ఆయన కబురు పెట్టాక పోకుండా ఉండకూడదట."

 మా అయ్య బండిలోంచి ముందుకి వంగి అడిగాడు.

"ఆ ముసలాయన పేరేంటో చెప్పారా?"

"పేరు తెలీదు. పాటలు పాడతాడట."

అయ్య తల దించుకుని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. "సాల్లే అమ్మా. నానెల్లకపోయినా పర్నేదు. ఆలొచ్చీసినారు," అన్నాడు.

ఆయనకి చాలేమో గానీ నాకు చాలలేదు. మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "ముల్లు లెక్కేసేవు, పల్లం లెక్కేసేవు, నా బరువూ లెక్కేసేవు. గోవింద శనివారం మనోలు పనిలోకి రారన్న లెక్క ఏసేవేటి?"

"నువ్వేసేవా?" అన్నాడు.

వెయ్యలేదు. ఒంటి మీద పసుపు బట్ట, కడుపులో ఉపవాసం, వెళ్తున్నది అదే పండక్కి. అయినా మాకోసం ఎవడో ఒకడు బాయిలరు దగ్గర కూర్చుని ఉంటాడనుకున్నాం. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. కానీ పొద్దు ఆగదు కదా. ఎడ్లబండి అడుగుదామంటే, అవి కూడా భజనకే పోయాయి.

మా ఆయన బండిని నీడలోకి తోయించి కదలకుండా ఉంచాడు. బ్యాటరీకి కాస్త విశ్రాంతి ఇస్తే కొంచెం ఊపిరి తిరుగుతుందట. ఈలోగా బండి టాపు, వెనక సీటు, పనిముట్ల పెట్టె, మడ్‌గార్డులు అన్నీ విప్పి పియర్‌కి అప్పజెప్పాడు. చివరికి నా వైపు చూశాడు. దిగమనడానికి భయం.

"నడుస్తాను లే," అన్నాను. గుండిగ నెత్తిన పెట్టుకున్నాను. దేవుడి పులిహోర మాత్రం విడిచిపెట్టను.

బండి నిండు గర్భిణిలా కదిలింది. వెనక నేను. మొదట నాకన్నా ముందు పోయింది, తర్వాత నాతో సమానంగా నడిచింది, ఆ తర్వాత నేనే ముందు పోయాను. ట్రియోలే మొదట్లో, పందిరి మీద జెండాలు కనిపిస్తున్న చోట, ఆగిపోయింది. పొద్దు చెరకు పూల మీదికి దిగుతోంది. అయ్య ఒళ్లో హారతి పళ్లెం పట్టుకుని కూర్చున్నాడు. నేను గుండిగతో పరుగెత్తాను. ఆ వయసులో నేను అలా పరుగెత్తడం ఊరు ఊరంతా చూసింది, ఇప్పటికీ ఏడిపిస్తారు.

పందిట్లో జనం కిటకిటలాడుతున్నారు. "అయ్య దారిలో ఉండిపోనాడు," అన్నాను అంతే. నరసింహులు ముందు, మిగతావాళ్లు వెనక, నేను వచ్చిన దారినే ఉరికారు.

మా ఆయన వాళ్లని చూసి బండి దిగనైనా దిగలేదు. "బాయిలరు కాడ ఒకడైనా ఉంటే ఈపాటికొచ్చీసేవోడిని. ఉండలేదు గాదా, ఇప్పుడు తొయ్యండి," అన్నాడు.

"తోస్తాం బావా. నిప్పెయ్యడం కన్నా ఇదే సులువు," అన్నాడు నరసింహులు.

రోజూ బాయిలరుకి పిప్పి ఎగదోసే చేతులే అవి. బండి అంత జోరుగా కరెంటుతో కూడా ఎప్పుడూ పోలేదు. సీట్లోంచి అయ్య గోవిందనామం ఎత్తుకున్నాడు.  తోసేవాళ్లు అందుకున్నారు.

పందిట్లో దీపపు కుంది నిండా నూనె పోసి ఉంది, వత్తి వేసి ఉంది. పొద్దు సగం మునిగింది. నారాయణ అగ్గిపెట్టె గుప్పిట్లో బిగించి నిలబడ్డాడు, గియ్యలేదు.

"టైమైపోతంది గాదా. ఇంకా ఎలిగించలేదేటి బాబూ?" అన్నాడు అయ్య.

"మీరొస్తానన్నారు గాదా," అన్నాడు నారాయణ.

అగ్గిపుల్ల అయ్య చేతికిచ్చి, ఆ చెయ్యి కింద తన చెయ్యి పెట్టాడు. ఇద్దరి చేతులతో దీపం వెలిగింది. పళ్లెం ఎవరు ఎవరికి అప్పజెప్పారో నేను చూడలేదు, నా కళ్లకి అప్పుడు ఏమీ కనపడలేదు.

మర్నాడు అందరూ బండిని మిల్లుదాకా తోసుకుపోయారు, నరసింహులు ఒక్క బాయిలరు ముట్టించాడు, పియర్ తీగ తగిలించాడు. బ్యాటరీ నిండుతున్నంతసేపూ అందరూ అయ్య చుట్టూ కూర్చుని మిగిలిన పులిహోర తిన్నారు. బయలుదేరేముందు అయ్య నరసింహుల్ని పిలిచాడు.

"వచ్చే ఏడు నానొత్తానని ఎవులికీ సెప్పకండ్రా. బాయిలరు కాడ ఒకడైనా ఉండాలి."

నరసింహులు అలాగేనని తల ఊపాడు. మరుసటి ఏడు ఎవరికీ చెప్పకుండానే వెళ్లాం. గొట్టంలో పొగ లేదు. మిల్లు వాకిట్లో పసుపు బట్టలు కట్టుకుని అందరూ నిలబడి ఉన్నారు, తోయడానికి.