చూపులకొచ్చిన టైర్లు

గంగాధర ఆటో ముందు టైరు అరిగి అరిగి గుండు కొట్టించుకున్న తలలా నున్నగా తయారైంది. ధర్మవరం వీధుల్లో పట్టుచీరల మూటలు మోసే బండికి అదొక లెక్కే కాదని అతని నమ్మకం. కానీ ఆదివారం సంగతి వేరు. ఆ రోజు హిందూపురంలో జిల్లా ఖోఖో జట్టుకు ఎంపికలు. కూతురు గీతాంజలినీ, ఆమెతో ఆడే పిల్లల్నీ తన ఆటోలోనే తీసుకెళ్తానని బడిలో మాటిచ్చేశాడు.

"ఆ బోడి టైరుతో పెనుకొండ ఘాటు దిగేటట్లుంటే పాప ఈ గడప దాటదు" అని భార్య సోమక్క తేల్చేసింది.

గీతాంజలి ఆ గడప మీదే కూలబడింది. బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల అది. ఆటలో మాత్రం "ఖో" అందంటే పక్క వీధి కుక్కలు లేచి కూర్చుంటాయి. ఏడాదంతా ఈ ఎంపికల కోసమే ఎదురుచూసింది.

శనివారం సాయంత్రం తండ్రీకూతుళ్లు యూనస్ టైర్ల కొట్టుకు వెళ్లారు. యూనస్ రెండు టైర్లు ముందుకు దొర్లించాడు. ఒకటి సరికొత్తది. రెండోది రీబటన్ టైరు, అంటే పాత టైరు మీదే కొత్త రబ్బరు అతికించి ఉడికించింది.

"చూస్తే రెండూ అక్కచెల్లెళ్ల మాదిరి ఉండాయి కదప్పా. ఇదైతే సగం దుడ్లకే వస్తాది" అన్నాడు గంగాధర రీబటన్‌ను తట్టి.

"లోపలి టైరు గట్టిదైతే బాగానే నడుస్తాది గంగన్నా. లారీలోళ్లు వెనకాల ఇవే ఏసుకుంటారు. నీదేమో మూడు చక్రాల బండి. ముందర ఉండేది ఒక్కటే, తిరగాలన్నా నిలబడాలన్నా దాని మీదే భారం. ముందరికి కొత్తదే మేలంటా నేను."

"అమ్మేటోనివి, అట్లే అంటావులే."

"అట్లయితే రీబటనే తీసుకపో. నాకేం పోయె!"

గంగాధర తల గోక్కున్నాడు. చివరికి అతనిలోని ధర్మవరంవాడు మేలుకున్నాడు. "రెండూ ఇంటికి తీసుకపోతా. ఆడోళ్లకు చూపించి, నచ్చనిది పొద్దున్నే వాపసిస్తా."

"ఏమన్నా, టైర్లంటే చీరలనుకుంటివా?"

"మొన్న పండగకు మీ ఇంటామె రేష్మకు చీరలు ఇంటికే పంపిస్తిమి. అన్నీ విప్పి, అన్నీ భుజానేసుకొని, ఒకటి పెట్టుకొని తక్కినవి వాపసు పంపలేదా?"

యూనస్ రెండు టైర్లనూ ఆటో వైపు దొర్లించాడు. "సరే తీసుకపో. కొత్తది మాత్రం కొత్తగానే రావల్ల" అన్నాడు.

అలా రెండు టైర్లు చాప మీద పక్కపక్కనే కూర్చున్నాయి. గంగాధర తల్లి యశోదమ్మ పుట్టినప్పటి నుంచీ పట్టు తప్ప మరొకటి పట్టి చూసిన మనిషి కాదు. వాటిని గిల్లింది, వాసన చూసింది, గోటితో లాగింది.

"పాత పోగులకు కొత్త పోగులు అతికి మనం నేయట్లేదామ్మా? ఇదీ అంతే" అన్నాడు గంగాధర.

"మగ్గం ఉన్నచోటే ఉంటాది రా. అది పెనుకొండ దిగదు."

"ఇంగ మాటల్లేవు. రీబటనే ఖాయం."

"అయితే పాప యాడికీ పోదు. అదీ ఖాయమే" అంది సోమక్క వంటింట్లోంచి.

గంగాధర విసురుగా టీ తాగడానికి పోయాడు. యశోదమ్మ కొత్త టైరును మరోసారి తడిమింది. దాని ఒళ్లంతా సన్నని రబ్బరు వెంట్రుకలు.

"అయ్యో, ఇంత ధర చెప్తాడు, కొసపోగులు గూడా కత్తిరించలేదే! ఇట్లాంటి చీర ఇస్తే షావుకారి మన మొగాన కొట్టడా?"

మగ్గం దగ్గరి చిన్న కత్తెర తెచ్చి టుపుక్ టుపుక్‌మని కత్తిరించడం మొదలుపెట్టింది.

గీతాంజలి నోరు తెరిచింది. తన సైకిలుకు కొత్త టైరు వేసినప్పుడు చూసింది. ఆ వెంట్రుకలుంటేనే అది నడవని టైరని గుర్తు. అవి పోతే యూనస్ వాపసు తీసుకోడు. వాపసు తీసుకోకపోతే...

తెరిచిన నోరు మూసింది. పెదవుల చివర ఏదో చక్కిలిగింత పెట్టినట్టయింది. గబగబా లోపలికెళ్లి ఇంకో కత్తెర తెచ్చుకుంది.

"అవ్వా, ఆ పక్క నువ్వు చూడు. ఈ పక్క నాది."

"నా బంగారే! పని నేర్చుకుంటాండాది" అని అవ్వ మురిసిపోయింది. గీతాంజలి నవ్వు ఆపుకోలేక తల వంచి మరీ కత్తిరించింది. టైరు పెళ్లికొడుకులా నున్నగా తేలింది.

తెల్లవారగానే కొట్టు దగ్గర యూనస్ దాన్ని తడిమి చూసి అదిరిపడ్డాడు. "దీనికి క్షవరం చేసిందెవురు గంగన్నా? ఇంగ ఎవురు కొంటారు దీన్ని?"

గంగాధర కూతురి వైపు తిరిగాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు పెగిలింది.

"కొసపోగులని అవ్వ కత్తిరించింది నాయనా. నేను... తెలిసే కత్తిరించినా."

యూనస్ పొట్ట పట్టుకుని టైర్ల దొంతి మీద కూలబడ్డాడు. గంగాధర కోపం తెచ్చుకోవాలని చాలా కష్టపడ్డాడు. మీసం ముందే లొంగిపోయింది.

"నవ్వింది చాలుగానీ బిగించప్పా" అన్నాడు.

పిల్లలంతా ఎక్కి ఆటో కదిలేలోపు సోమక్క కూడా చెంగు దోపుకుని ముందు సీటు అంచున కూర్చుంది. టైరు సంగతి కళ్లతో చూస్తేనే నమ్ముతుందట. పెనుకొండ దిగుడులో గంగాధర బ్రేకు మీంచి కాలు తీయకుండా నత్తలా పోనిచ్చాడు. కొండగాలికి రిబ్బన్లన్నీ ఎగురుతున్నాయి.

సోమక్క కాసేపు ముందు చక్రం వైపు, కాసేపు మొగుడి వైపు చూసింది.

"ఏమట్లా పాకుతాండావు? కొత్త టైరు గదా, పోనీ!"

వెనకాల పిల్లలంతా కేరింతలు కొట్టారు.