కాగితం కాలరు ఎవరిది

పదమూడో ఏట బడి మానేసి ఆపిల్ షెడ్డులో అట్టపెట్టెలు మడవడానికి చేరాను. ముప్పై రెండేళ్లుగా అదే పని. మడత విషయంలో ఈ టాస్మేనియాలో నాకు ఒకడు చెప్పక్కర్లేదు.

డెస్మండ్ థ్రేల్ మా ఊరి బళ్లో బొమ్మల మాస్టారు. నిరుడు చలికాలం దీపాల ప్రదర్శనకు నేను చేసిన కాగితం కాలరును తన పేరున పెట్టి బహుమతి కొట్టేశాడు. భుజాల మీంచి చెవుల దాకా లేచే కాలరు. మడతల లోపల రాగి పట్టీ, దాని మీద బియ్యపు గింజలంత బల్బులు. "గార్త్ జిగురు డబ్బా పట్టుకున్నాడు" అని నా గురించి ఊరంతా చెప్పాడు. జిగురు డబ్బా!

ఈ ఏడు మళ్లీ వచ్చాడు. "నీ పేరు కూడా వేయిస్తాలేరా. ఈసారి మా అమ్మాయి టామ్సిన్ వేసుకుంటుంది." నమ్మాను. ఆరు వారాలు కూర్చుని చేశాను. ప్రదర్శన సాయంత్రం హాలు గుమ్మంలో చేతికిచ్చిన కార్యక్రమం కాగితంలో కాలరుకు ఎదురుగా ఒక్కటే పేరు. థ్రేల్.

మా ప్రదర్శనలో ఒక రివాజుంది. వస్తువు పెట్టెలో చదునుగా రావాలి. చేసినవాడే జనం ముందు దాన్ని మనిషికి తొడిగి, విప్పి, వెలిగించాలి. నిరుడు నల్లచొక్కా వేసుకుని, డెస్మండ్ వెనక చీకట్లో నిలబడి ఆ పని నేనే చేశాను. ఈసారీ తెర వెనక నల్లచొక్కా సిద్ధంగా ఉంది. నేను పోయి ముందు వరసలో కూర్చున్నాను. కాలరును చెడగొట్టలేదు. కూర్చున్నానంతే.

ఎడమ చెవి దగ్గర మొదలుపెట్టి ఎనిమిది చోట్ల నొక్కుతూ రావాలి. అప్పుడే రాగి రాగిని తాకుతుంది. డెస్మండ్ కుడివైపు నుంచి లాగాడు. వెలగలేదు. మళ్లీ లాగాడు. ఎవరో దగ్గారు.

"గార్త్, కాస్త పైకి రా బాబూ."

"దేనికి? జిగురు డబ్బా పట్టుకోడానికా?"

వెనక నవ్వులు.

"వేళాకోళాలొద్దు. పిల్ల నిలబడి ఉంది."

"ఎవరు చేశారో చెప్పు, వస్తా."

టామ్సిన్ తల తిప్పింది. "నువ్వు కాదా నాన్నా?"

"గార్త్ చేశాడు," అన్నాడు గొణుగుతూ.

"గట్టిగా. వెనకాళ్లకి వినపడలా."

"గార్త్ చేశాడు!"

"మరి నిరుడుది?"

పిల్ల కళ్లలో నీళ్లు నిండాయి. చూశాను. చూసే అడిగాను. "నిరుడుది, డెస్మండ్?"

"అదీ నీదే."

లేచి మెట్లెక్కాను. చెయ్యి చాపేలోగా టామ్సిన్ వెనక్కి జరిగింది. "ముట్టుకోకండి." తనే కాలరు తీసి నా చేతుల్లో పెట్టింది. "మీది మీరే వేసుకోండి."

వేసుకున్నాను. హాలు బయటికి పోయి, పెద్ద కిటికీ ముందు నిలబడి, ఎడమ చెవి నుంచి ఎనిమిది చోట్లా నొక్కాను. ఒక్కసారిగా వెలిగింది. లోపలున్న తలలన్నీ ఇటు తిరిగాయి, డెస్మండ్‌ది తప్ప. పిల్ల మెడ కొలతకు చేసింది కాబట్టి గొంతు బిగిసింది. అయినా వాడు తల ఎత్తేదాకా అక్కడే నిలబడ్డాను.