యాభై సెంటీమీటర్ల గీత

ఆ ఊరి రోడ్ల మీద కనిపించే తెల్లగీతల్లో సగానికి పైగా ఆవిడ చేతి మీదుగా పడ్డవే. అందుకే అందరూ ఆవిడను గీతల మేస్త్రీ అంటారు. ఆవిడ ఇంట్లో కొక్కేనికి రోడ్డు పనిలో వేసుకునే రెండు మెరుపు కోట్లు వేలాడుతుంటాయి. రాష్ట్రం రోడ్డు మీద పని పడితే పసుపుది, కేంద్రం రోడ్డు మీద పడితే నారింజరంగుది. కోటు మారితే కొలతలూ మారాలి. రంగు అదే, రంగు కాచే పొయ్యి అదే, దారం రెండో కొస పట్టుకునే మరిదీ అతనే. అయినా రెండు శాఖలకూ రెండు కొలతల పుస్తకాలు, ఆ రెండింటికీ చచ్చినా పడదు.

ఇక ఆవిడ ఇంటి ముందు రోడ్డు సంగతి మరీ విడ్డూరం. రోడ్డేమో కేంద్రానిది. దాని పక్క కాలిబాట, అవతల ఉన్న బడి, బడి ముందు పాతిన హెచ్చరిక బోర్డు రాష్ట్రానివి. పిల్లలు మాత్రం ఎవరికీ చెందనట్టు లారీల మధ్య నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తేవాళ్ళు. ఇదేమిటని ఎవరినడిగినా అవతలి ఆఫీసు వైపు వేలు చూపించేవారు.

పోయిన ఏడాది రాష్ట్రం ఇంజనీరుకు ఏ బుద్ధి పుట్టిందో, బడి ఎదుట జీబ్రా గీతలు వేయించాడు. పట్టీ వెడల్పు నలభై అయిదు సెంటీమీటర్లు. పని గీతల మేస్త్రీకే వచ్చింది. రంగు ఆరగానే ఆవిడ కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. కూతురికి ఎనిమిదేళ్ళు, ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు.

"ఇదిగో, ఇవి అమ్మ గీసినవి. వీటి మీదే నడువు. నీకేం కాదు."

పదిహేను రోజులు తిరక్కుండానే కేంద్రం మనుషులు యంత్రం తెచ్చి ఆ గీతలను గీకిపారేశారు. తమ రోడ్డు మీద తమను అడక్కుండా గీయడం ఒక తప్పట. యాభై అయిదు ఉండాల్సిన చోట నలభై అయిదు ఉండటం అంతకు మించిన తప్పట. ఆ రోజు గీతల మేస్త్రీ వేరే ఊళ్ళో పనిలో ఉంది, ఆవిడకు చెప్పిన నాథుడు లేడు. సాయంత్రం బడి వదిలాక పిచ్చుక రోడ్డులోకి నాలుగడుగులు వేసి, అమ్మ గీతలు ఎటుపోయాయో అని నేల మీద వెతుక్కుంటూ నిలబడిపోయింది. అప్పుడే ఒక మోటారుసైకిలు వచ్చి గుద్దింది.

కాలు విరిగింది. మూడు నెలలకు కట్టు విప్పి, కాలు భేషుగ్గా అతుక్కుందన్నాడు డాక్టరు. ఆ భేషైన కాలు రోజూ పొద్దున రోడ్డు అంచుదాకా వచ్చి అక్కడే మొరాయించేది. ఎత్తుకుని దాటిస్తానన్నా పిల్ల ఊరు లేచేలా కేకలు పెట్టేది. నెలాఖరుకల్లా బడికి రాకపోతే ఈ ఏడాది పోయినట్టేనని పంతులమ్మ కబురు పంపింది. ఊరంతా గీతలు గీసే తల్లికి సొంత కూతురి ముందు ఒక్క గీత నిలబెట్టడం చేతకాలేదు. వీటి మీదే నడవమన్నది తనే కదా అని గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకు తన మీద తనకే ఒళ్ళు మండిపోయేది.

ముందు రాష్ట్రం ఆఫీసుకు వెళ్ళింది.

"నువ్వు చెప్పేది న్యాయమేనమ్మా," అన్నాడు అక్కడి ఇంజనీరు. "కానీ ఒకసారి వేసి చేతులు కాల్చుకున్నాం. ఆ మేడంగారు ముందు సంతకం పెట్టనీ, నేను మరుక్షణం పెడతా."

అక్కడినుంచి కేంద్రం ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి ఇంజనీరు మేడం టీ కూడా ఇప్పించింది, సంతకం మాత్రం ఇవ్వలేదు.

"బడి వాళ్ళది. ముందు వాళ్ళు రాసి పంపాలి కదమ్మా. అయినా నలభై అయిదుకు ఒప్పుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"పోనీ యాభై అయిదు వేస్తే?"

"నేను పెడతా. ఆయన పెడతాడా?"

ఆయన పెట్టడని ఇద్దరికీ తెలుసు. గీతల మేస్త్రీ టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చింది. వంటింటి నేల మీద రెండు పుస్తకాలూ ముందేసుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ ఇంజనీర్లు చెప్పిన అంకె చెప్పినట్టు వేయడమే తప్ప, ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో తను చూసుకోలేదు. వేలు పెట్టి ఒక్కో వరుసే చదువుకుంటూ పోయింది. రాష్ట్రం పుస్తకంలో పట్టీ వెడల్పు నలభై నుంచి యాభై దాకా అని ఉంది. కేంద్రం పుస్తకంలో యాభై నుంచి అరవై దాకా అని ఉంది. ఎవరికి వాళ్ళు నడిమి అంకె పట్టుకుని భీష్మించుకు కూర్చున్నారన్నమాట.

"మరిదీ, ఇలా రా!" అని కేకేసింది. అతను వచ్చి రెండు పేజీలూ చూసి తల గోక్కున్నాడు.

"అంటే వదినా, యాభై వేస్తే ఇద్దరికీ సరిపోతుందా?"

"ఆ. చెరో అయిదు జరిగితే అయిపోయేది. నా బిడ్డ కాలు విరిగింది ఆ అయిదు కోసం."

"ఇప్పుడే వెళ్ళి చెప్పేద్దాం పద."

"చెబితే ఎవరు ముందు జరగాలని మళ్ళీ మొదలెడతారు. చెప్పడం కాదు, చూపించాలి."

రంగు వేసే ముందు సుద్దగుర్తు పెట్టడం వాళ్ళ పనిలో రివాజు. సుద్దపొడి పూసిన దారాన్ని రోడ్డు మీద బిగించి పట్టుకుని, మధ్యలో ఎత్తి టప్పున వదిలితే తిన్నగా గుర్తు పడుతుంది. రంగుకు అనుమతి కావాలి. సుద్దగుర్తుకు కావాలని ఏ పుస్తకంలోనూ లేదు, అది కొలత కిందికే వస్తుంది. మర్నాడు పొద్దున్నే, బడి వేళకు ముందు, ఆవిడ పసుపు కోటు, మరిది నారింజ కోటు తొడుక్కుని రోడ్డెక్కారు. యాభై కొలిచి దారం కొట్టారు. పట్టీల నిండా సుద్దపొడి చల్లారు. దూరం నుంచి తెల్లగా కనబడేసరికి లారీలు బుద్ధిగా నెమ్మదించాయి. మధ్యాహ్నానికల్లా చక్రాలు ఆ పొడినంతా ఊడ్చుకుపోయాయి.

మర్నాడు మళ్ళీ గీశారు, ఆ మర్నాడూ గీశారు. పిచ్చుక రోజూ వచ్చి రోడ్డు అంచున నిలబడి చూసి, అడుగు ముందుకు వేయకుండానే ఇంటికి వెళ్ళిపోయేది. ఆవిడ రమ్మనలేదు, బతిమాలలేదు. పొడి చల్లుకుంటూనే ఉంది.

ఏడో రోజున రెండు జీపులు రెండు వైపులనుంచి దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. ఎవరో ఇద్దరికీ ఫిర్యాదు చేసినట్టున్నారు.

"ఎవరు గీయమన్నారు?" అని జీపు దిగకుండానే అరిచాడు రాష్ట్రం ఇంజనీరు.

"నేనూ అదే అడుగుతున్నాను," అంది మేడం.

"రంగు కాదు సార్, సుద్దే. ముందు కొలవండి, ఆ తర్వాత తీరిగ్గా తిట్టండి."

ఒకరి టేపును ఇంకొకరు నమ్మరు కనుక ఎవరి టేపు వాళ్ళు తీశారు. ఇద్దరూ నడిరోడ్డు మీద వంగి కొలుస్తుంటే బడిపిల్లలు అవతలినుంచి వింత చూశారు.

"యాభై," అన్నాడాయన. నమ్మకం కుదరక ఇంకో పట్టీ కొలిచాడు. "మా పుస్తకం ప్రకారం సరిగ్గానే ఉంది."

"మా పుస్తకం ప్రకారం కూడా సరిగ్గానే ఉంది," అంది మేడం, కాస్త చిన్నబుచ్చుకుని.

ఇక ఎవరు ముందు సంతకం పెట్టాలని ఇద్దరూ నడిరోడ్డు మీదే పోట్లాటకు దిగారు. గీతల మేస్త్రీ కోటు జేబులోంచి బడి ముందు గీతలు కావాలని పంతులమ్మ చేత రాయించిన కాగితం తీసింది. ఒకే కాగితానికి రెండు ప్రతులు. చెరొకటి చేతిలో పెట్టింది.

"ఇద్దరూ ఒకేసారి పెట్టండి. ఎవరు ముందో నేను చూడను," అని మొహం అటు తిప్పుకుంది. ఇద్దరూ తమ తమ జీపుల మీద ఆనించి సంతకాలు చేసి, ప్రతులు మార్చుకుని, రెండోదాని మీదా చేశారు.

రెండు రోజులకు గీతలు పడ్డాయి. ఈసారి అసలు రంగే. మర్నాడు బడి వేళకు పిచ్చుక సంచీ తగిలించుకుని అంచుదాకా వచ్చి ఆగింది.

"అమ్మా, వీటిని కూడా గీకేస్తారా?"

గీకరని చెప్పడం ఎంతసేపు? కానీ ఆవిడకు నోరు రాలేదు. కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ రోజు నీకేం కాదన్నాను. తప్పయిపోయిందే తల్లీ. నాకు తెలియని మాట చెప్పాను. ఇప్పుడు తెలిసిందే చెబుతాను, విను. ఇక వీటిని ఒక్కరే గీకడానికి లేదు. గీకాలంటే ఆ సారు, ఆ మేడం ఇద్దరూ ఒప్పుకుని కలిసి సంతకం పెట్టాలి. కాగితంలో ఆఖరి ముక్క అదే. నేనే పట్టుబట్టి రాయించా."

"ఎవరు, మొన్న నడిరోడ్డు మీద పోట్లాడుకున్నారే, వాళ్ళిద్దరా?"

"వాళ్ళే."

పిచ్చుక కాసేపు గీతల వంక చూసింది. దాని పెదవి మీద నవ్వు మెల్లగా పాకింది.

"అయితే ఇక ఎప్పటికీ గీకరు," అంది.

తల్లి ఫక్కున నవ్వింది. "గీత ఉంది కదాని ఊరికే వెళ్ళకు. బండి ఆగాకే అడుగెయ్యి," అంటూ చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వు రాకు. నేనే వెళ్తా."

చెయ్యి పైకెత్తింది. ఇసుక లారీ ఒకటి బుస్సుమంటూ నెమ్మదించి, పట్టీలకు ఇవతలే నిలిచింది. పిచ్చుక పట్టీలు లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కటే దాటి, అవతలి అంచు ఎక్కి, వెనక్కి కూడా చూడకుండా బడిలోకి పరుగెత్తింది. గీతల మేస్త్రీ ఉన్నచోటే కూలబడి, లారీ డ్రైవరు చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా భోరున ఏడ్చింది.